తుపాను కన్నును వదిలేసిన కథ: ఆరో ఎపిసోడ్ రచయితలకు బహిరంగ లేఖ

రచనా బృందానికి, దర్శకులకు, నిర్మాతలకు,

నమస్కారం.

విశాఖ తీరంలో జరిగే మీ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక ఆరో ఎపిసోడ్ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. మాలో స్క్రిప్టులు సరిచూసేవారు, ఎడిటింగ్ చేసేవారు, సముద్రం మీదా వాతావరణం మీదా పనిచేసేవారు ఉన్నారు. తెలుగులో ఇలాంటి కథలు నిలబడాలని గట్టిగా కోరుకుంటున్నాం కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాం. నటన గురించి, కెమెరా పని గురించి మాకు ఫిర్యాదు లేదు. ఐదు ఎపిసోడ్ల పాటు ఓపిగ్గా పేర్చుకొచ్చిన కథ ఆరోదానిలో, అందులోనూ చివరి ఎనిమిది నిమిషాల్లో, చేజారిపోయింది. దాన్ని నిలబెట్టడానికి కావలసిన సరుకంతా మీ కథలోనూ ఈ ఊరిలోనూ ఉంది.

ఎపిసోడ్ చూడనివారి కోసం కథ క్లుప్తంగా. తీరానికి 90 కిలోమీటర్ల దూరంలో, 2,400 మీటర్ల లోతున ఒక యంత్రం ఉంది. శబ్ద సంకేతంగా అందిన మాటను అది గతంలోకి పంపుతుంది. భీమిలి దగ్గరి ప్రయోగశాలలో పనిచేసే నాయిక దానితో సంబంధం పెట్టుకుంటుంది. ఆమె తండ్రికి ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు ఉంది. తుపాను వస్తోంది. 11వ నిమిషంలో నాయికకు “బయటికి వెళ్లకు” అనే సందేశం అందుతుంది. 17వ నిమిషంలో యంత్రం నియమాలు తెలుస్తాయి: రోజుకు ఒక్కసారి, ఆరు గంటలు మాత్రమే వెనక్కి, 12 అక్షరాలు మించకూడదు, జరిగినది మారదు. 23వ నిమిషంలో తండ్రి బోటు తప్పిపోయిందని కబురు. 26 నుంచి 32 దాకా ఫ్లాష్‌బ్యాక్. 41వ నిమిషంలో నాయిక రెండు రోజుల వెనక్కి, పేరా నిడివి సందేశం పంపుతుంది. తండ్రి వేటకు వెళ్లడు. అందరూ క్షేమం. 45వ నిమిషంలో సముద్రంలోంచి ఎవరో నడిచి వస్తారు.

17వ నిమిషంలోని సీనుతో మొదలుపెడతాం, ఎందుకంటే ఎపిసోడ్ మొత్తంలో బాగా రాసిన సీను అదే. గాజు గొట్టం పగులుతుందని ముందురోజు నాయికకు ముందే తెలిసింది. దాన్ని తీసి దూది మీద పెట్టింది. అయినా పగిలింది, అదీ ఆమె తీసి పెట్టిన చోటే. ఒక్క పెద్ద డైలాగు లేకుండా, జరిగినది మారదన్న సంగతి ప్రేక్షకుడికి కళ్లతో చూపించారు. నియమాన్ని అలాగే చెప్పాలి.

అంత కష్టపడి చెప్పిన నియమాన్ని 41వ నిమిషంలో మీరే తుడిచేశారు. ఆరు గంటలు రెండు రోజులయ్యాయి. 12 అక్షరాలు పేరా అయ్యాయి. మారనిది మారింది. కారణంగా సహాయకుడితో “పిడుగు శక్తి తోడైంది” అని ఒక్క మాట అనిపించారు. ఆ పిడుగుకు అంతకుముందు ఎక్కడా లీడ్ (ముందస్తు సూచన) లేదు. అసలు చిక్కు అది కూడా కాదు. రెండు రోజులు వెనక్కి వెళ్లగలిగితే 11వ నిమిషం నుంచి ఆమె పడిన కష్టమంతా అక్కరలేనిదైపోతుంది. ప్రేక్షకుడు వెనక్కి తిరిగి ఆలోచిస్తే, అప్పటిదాకా పడిన భయం అతనికి వృథాగా కనిపిస్తుంది.

కాలంతో ఆడే కథలు ముఖ్యంగా రెండు దారుల్లో నడుస్తాయి. ఒకదానిలో గతం మారదు. అక్కడ ఉత్కంఠ “ఏం జరుగుతుంది” అన్నదానిలో ఉండదు, “ముందే తెలిసినది ఏ దారిన వచ్చి జరుగుతుంది, దాని అసలు అర్థం ఏమిటి” అన్నదానిలో ఉంటుంది. రెండోదానిలో గతం మారుతుంది. అక్కడ మార్చినందుకు చెల్లించే ధర మీద ఉత్కంఠ నిలుస్తుంది: ఒకరిని కాపాడితే ఇంకొకరు పోతారు, లేదా కాపాడినవారికి నువ్వెవరో తెలియకుండా పోతుంది. ఏ దారి ఎంచుకున్నా మంచి కథ వస్తుంది. మీరు మొదటి దారిలో 40 నిమిషాలు నడిచి, ధర చెల్లించకుండా రెండోదానిలోకి దూకారు.

ఇలాంటి కథకు సీన్ ఆర్డర్‌తో పాటు ఇంకో పట్టిక కావాలి. పెద్ద కాగితం మీద మూడు నిలువు గళ్లు గీయండి. మొదటి గడిలో తెర మీది నిమిషం. రెండోదానిలో కథలోని గడియారం: ఉదయం 7, 9, మధ్యాహ్నం 1. మూడోదానిలో ఆ క్షణానికి ఎవరికి ఏం తెలుసు. ప్రతి సందేశానికీ పంపిన చోటి నుంచి అందిన చోటికి ఎర్ర గీత గీయండి. ఒక కొస గాల్లో వేలాడితే అక్కడ కథకు చిల్లు ఉన్నట్టే. మీ ఎపిసోడ్‌కు ఈ పట్టిక గీస్తే వెంటనే ఒకటి బయటపడుతుంది: 11వ నిమిషంలో వచ్చిన “బయటికి వెళ్లకు”ను పంపినవారు లేరు. నాయిక చివర్లో పంపినది వేరే సందేశం, వేరే రోజుకు. కథను నడిపించిన మొదటి మాటకే పుట్టుక లేదు. షూటింగ్‌కు ముందు ఒక పూట కూర్చుంటే దొరికే తప్పు ఇది. ఎడిటింగ్‌లో దొరికితే చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక రెండో పెద్ద సమస్యకు వద్దాం. తుపాను కథలో ఉంది, కథకు మాత్రం ఏ పనీ చేయడం లేదు. గాలి, వాన, విరిగిన చెట్లు అన్నీ నేపథ్యంలోనే మిగిలిపోయాయి. తుపానుకు తనదైన నిర్మాణం ఉంది. విశాఖ ప్రేక్షకులకు అది బాగా తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలులు వీచాయి. మధ్యాహ్నం వేళ తుపాను కన్ను, అంటే గాలి ఆగిపోయే దాని నడిమి భాగం, నగరం మీదుగా వెళ్లింది. ఈ ఊరిలో తుపాను కథ తీస్తూ కన్నును వాడుకోకపోవడం మాకు చాలా బాధ కలిగించింది.

కన్ను నేరుగా మీదికి వస్తే ఏం జరుగుతుందో చూడండి. మన తీరాన్ని తూర్పు నుంచి తాకే తుపానులో గాలి ముందు ఉత్తర దిక్కు నుంచి కొడుతుంది. కన్ను వచ్చాక ఆగిపోతుంది. కన్ను దాటాక దక్షిణ దిక్కు నుంచి అంతే బలంతో మళ్లీ మొదలవుతుంది. మామూలుగా 1010 హెక్టాపాస్కల్స్ దగ్గర ఉండే పీడనం కన్ను నడుమ అట్టడుగుకు పడుతుంది. హుద్‌హుద్ తీవ్రంగా ఉన్నప్పుడు అది 950 దాకా దిగింది. విరామం ఎంతసేపన్నది లెక్కగట్టవచ్చు. కన్ను వ్యాసం 30 కిలోమీటర్లు, తుపాను నడక గంటకు 15 కిలోమీటర్లు అనుకుంటే, నట్టనడుమ ఉన్నవారికి రెండు గంటలు దక్కుతుంది. నడిగీతకు 14 కిలోమీటర్లు పక్కన ఉన్నవారికి 45 నిమిషాలు కూడా దక్కదు. ఆ ప్రశాంతతను చూసి తుపాను పోయిందనుకొని జనం బయటికి రావడమే పెద్ద ప్రమాదం. అందుకే ఎవరూ బయటికి రావద్దని అధికారులు హెచ్చరిస్తారు.

ఈ కన్నును, మీ యంత్రాన్ని ఒకే ముడిలో వేయండి. 11వ నిమిషంలో, కథలో ఉదయం 7 గంటలకు, అందే సందేశం “బయటికి వెళ్లకు” బదులు “ఒంటిగంటకు బయల్దేరు” అనుకోండి. తొమ్మిది అక్షరాలు, మీ పరిమితికి లోపలే. అప్పటికే ఒంటిగంట ప్రాంతంలో తుపాను తీరం దాటుతుందని రేడియో చెబుతోంది. చావుకు పిలిచినట్టున్న ఈ మాట ఎవరిదని నాయిక భయపడుతుంది. అయినా దాని సంగతి తేల్చుకోవాలని, ఉద్యోగులను తరలించే ఆఖరి వాహనం ఎక్కకుండా ఉండిపోతుంది. ఆమె వల్ల సహాయకుడూ ఉండిపోతాడు, మధ్యలో గాయపడతాడు. ఒంటిగంట దగ్గరపడేసరికి గాలి ఆగుతుంది. బారోమీటర్ చూస్తుంది, పొద్దున వాతావరణ అధికారి చెప్పినది గుర్తొస్తుంది, ఇది కన్ను అని తనే గ్రహిస్తుంది, బయల్దేరాలని తనే నిర్ణయించుకుంటుంది. ఆ తర్వాతే పొద్దుటి సందేశం తనదేనని అర్థమవుతుంది. ఈ వరస తారుమారు కాకూడదు. సందేశం చూసి నిర్ణయం తీసుకుంటే, నిర్ణయం వల్లే సందేశం పంపితే, ఆ ఆలోచన ఎవరి బుర్రలోనూ పుట్టనట్టవుతుంది. ముందు ఆమె సొంతంగా ఆలోచించాలి.

క్లైమాక్స్ ఇక్కడే దొరుకుతుంది. సందేశం పంపితేనే పొద్దున తను ఆగిపోతుంది, ఇప్పుడు ఇక్కడ ఉంటుంది. పంపడమంటే సహాయకుడి గాయాన్ని కూడా తన చేత్తోనే ఖాయం చేయడం. గాజు గొట్టం సీను ప్రేక్షకుడికి సరిగ్గా ఈ క్షణంలో గుర్తుకు రావాలి. ఆమె ముందున్న మీట చిన్నదే, నొక్కడమే కష్టం. కష్టం తెచ్చిన నియమమే దారి కూడా చూపాలని మేం గట్టిగా నమ్ముతాం. కొత్త శక్తి, కొత్త పరికరం, కొత్త మనిషి 40వ నిమిషం తర్వాత కథలోకి రాకూడదు.

శబ్దం వేగం కూడా మీకు కలిసొస్తుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. 90 కిలోమీటర్లకు 60 సెకన్లు పడుతుంది. 38వ నిమిషంలో నాయిక యంత్రంతో ఫోన్లో మాట్లాడినట్టు వెంటవెంటనే మాట్లాడుతోంది. రేడియో అయినా ఆ లోతుకు చేరదు. ప్రశ్నకు జవాబు రావాలంటే రెండు నిమిషాలు ఆగాల్సిందే. ఆ రెండు నిమిషాలను కోత వేయకుండా తెర మీద ఉంచండి, నేపథ్య సంగీతం లేకుండా. పంపే సమయం కూడా లెక్క ప్రకారం రావాలి. పొద్దున సరిగ్గా 7 గంటలకు తీరంలో అందాలంటే, శబ్దం యంత్రం దాకా వెళ్లడానికి ఒక నిమిషం, ఆరు గంటలు వెనక్కి జరిగాక యంత్రం నుంచి తీరానికి రావడానికి ఇంకో నిమిషం. అంటే మీట 12:58కి నొక్కాలి, 1:00కి కాదు. ఈ రెండు నిమిషాల తేడాను సహాయకుడు గాయంతోనే లెక్కగట్టి చెప్పే సీను ఒక్కటి చాలు, అతని పాత్ర నిలబడుతుంది.

ఇంటర్వెల్ సంగతి. 23వ నిమిషంలో బోటు తప్పిపోయిందన్న కబురును మీరు సినిమా ఇంటర్వెల్ బ్యాంగ్‌లా పెట్టారు. ఓటీటీలో ఆ చోట ఎవరూ లేచి వెళ్లరు. అక్కడ కావలసింది నాయిక చేసే పనిని మలుపు తిప్పే సంగతి. ఆ కబురు తర్వాత ఆమె దిగులు పెరిగింది, చేస్తున్న పని మారలేదు. ఆ మలుపును ఓడరేవు హెచ్చరిక నంబర్లు చక్కగా తెస్తాయి. మన రేవుల్లో ఒకటి నుంచి 11 దాకా నంబర్లు ఉన్నాయి. ప్రతిదానికీ పగలు ఎగరేసే గుర్తు, రాత్రి వెలిగించే దీపాల వరస వేరు. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని మాత్రమే చాలామంది అనుకుంటారు. పెద్ద ప్రమాదాన్ని చెప్పే ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లలో తేడా తుపాను దారిది. రేవును ఎడమ పక్కన ఉంచి దాటుతుందంటే ఎనిమిది. కుడి పక్కన ఉంచి దాటుతుందంటే తొమ్మిది. రేవు మీదుగానో, దాని పక్కనుంచో దాటుతుందంటే పది. తొమ్మిది ఉన్నంతసేపు తుపాను నగరానికి దక్షిణంగా పోతుందని నాయిక అనుకుంటుంది. 23వ నిమిషంలో తొమ్మిది దిగి పది ఎగిరితే, కన్ను ఇక్కడికే వస్తోందని తెలిసిపోతుంది. నంబరు ఒక్కటే మారినా ఆమె లెక్కలన్నీ మారతాయి. దీనికి లీడ్‌గా ఐదో నిమిషంలో రేవు ఉద్యోగి ఒక కుర్రాడికి నంబర్లు వివరించే అర నిమిషం సీను చాలు. 11వ నంబరు ఇంకా పదునైనది: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడే ప్రమాదం ఉంది అని దాని అర్థం. ఫోన్లు మూగబోయి, ఆ నంబరు ఎగిరాక, నాయిక చేతిలో మిగిలేది సముద్రం అడుగున ఉన్న యంత్రం ఒక్కటే. దాని అవసరాన్ని ఇంతకంటే బాగా చెప్పే డైలాగు ఉండదు.

తండ్రి కథకు వద్దాం. ప్రయోగశాలలో గోడ క్యాలెండర్ మే నెల చూపిస్తోంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. మేలో ఆయన మరబోటు వేటకు వెళ్లిందంటే జాలారిపేటలో చిన్నపిల్లాడు కూడా నమ్మడు. అక్టోబర్‌కు మార్చండి, అది కూడా తుపాన్ల కాలమే. అయితే హెచ్చరిక రాగానే బోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి కాబట్టి, బోటు సముద్రంలో తప్పిపోవడం మీద కథ నడపకండి. ఒడ్డున ఉన్న బోటే ఎక్కువ ప్రమాదం. జెట్టీకి వరసగా కట్టిన బోట్లు గాలికి ఒకదానినొకటి, గట్టునూ గుద్దుకొని పగులుతాయి, మునుగుతాయి. జీవనాధారం మొత్తం అక్కడ ఉన్నప్పుడు యజమాని ఇంట్లో కూర్చోడు. ఆయన బోటు దగ్గరే ఉండిపోవడం నూటికి నూరుపాళ్లు నమ్మదగిన సంగతి.

ఇప్పుడు తుపాను కన్ను వల్ల ఆయనకు ఏమవుతుందో చూడండి. ఉత్తరపు గాలికి తట్టుకునేలా తాళ్లు కట్టాడు. గాలి దక్షిణం నుంచి తిరిగితే బరువంతా అవతలి వైపు పడుతుంది, ఆ తాళ్లు చాలవు. ప్రశాంతంగా ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో తాళ్లు మార్చి కట్టాలని ఆయన పట్టుదల. అదే నిమిషాల్లో ఆయనను గట్టి భవనంలోకి చేర్చాలని ఆమె పట్టుదల. ఇద్దరికీ గాలి తిరుగుతుందని తెలుసు, ఇద్దరి లెక్కా సరైనదే. విలన్ లేకుండా ఇంత బలమైన కాన్‌ఫ్లిక్ట్ దొరకడం అరుదు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన అర్థప్రకృతుల్లో, అంటే కథను ఫలితానికి చేర్చే అంశాల్లో, పతాక ఒకటి: ప్రధాన కథకు సాయపడుతూ దూరం దాకా నడిచే ఉపకథ. మీ ఎపిసోడ్‌లో తండ్రి కథ ప్రధాన కథ పక్కన విడిగా నడిచింది. ఇలా చేస్తే రెండూ ఒకే జెట్టీ మీద, ఒకే 45 నిమిషాల్లో కలుస్తాయి.

అప్పుడు ఆరు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ అక్కరలేదు. తుపాను గడియారం పరుగెడుతుండగా దాన్ని ఆపి చిన్నప్పటి పడవ ప్రయాణం చూపించడం వల్ల ఉద్వేగం పెరగదు, వేడి చల్లారుతుంది. అందులో కథకు పనికొచ్చే సమాచారం ఒకటే: తండ్రి ఆమెకు ముళ్లు వేయడం నేర్పాడు. ఆ మాట ఫ్లాష్‌బ్యాక్ లేకుండానే చెప్పవచ్చు. జెట్టీ మీద ఆమె అడగకుండానే తాడు కొస అందుకొని ముడి వేస్తే చాలు, 20 సెకన్ల పని.

33వ నిమిషంలో సహాయకుడు గోళాకార జలవాహనంలో అడుగుకు దిగి, నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చి, పీడనం మారినందుకు కీళ్ల నొప్పులతో పడిపోయే సీనును పూర్తిగా తీసేయమని మా సలహా. అలాంటి వాహనాలు నిమిషానికి ముప్పై మీటర్ల చొప్పున దిగుతాయి. 2,400 మీటర్లకు ఒక్క వైపే 80 నిమిషాలు పడుతుంది. లోపల మనుషులు ఉండే గోళంలో పీడనం ఒడ్డున ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఆ జబ్బు రాదు. అదీకాక తుపానులో ఓడ మీది క్రేన్‌తో ఏ వాహనాన్నీ నీటిలోకి దించరు. అతని గాయానికి ప్రయోగశాలలో ఊడిపడిన కిటికీ చాలు. గ్రాఫిక్స్ ఖర్చూ తగ్గుతుంది.

ప్రయోగశాల చోటు కూడా మార్చాలి. భీమిలి నుంచి ఫిషింగ్ హార్బర్‌కు దాదాపు పాతిక కిలోమీటర్లు. గాలివానలో చెట్లు కూలిన బీచ్ రోడ్డు మీద ఆమె తొమ్మిది నిమిషాల్లో వచ్చేసింది. ప్రయోగశాలను డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు పెట్టండి. అక్కడి నుంచి చూస్తే రేవు ముఖద్వారం అవతల జెట్టీ కనిపిస్తుంది. రోడ్డున చేరాలంటే మాత్రం సింధియా, మల్కాపురం మీదుగా ఓడరేవంతా చుట్టి రావాలి. కూలిన చెట్ల నడుమ 45 నిమిషాల్లో అది కాని పని. మిగిలింది ముఖద్వారాన్ని పడవ మీద దాటడం. కన్నులో గాలి ఆగినా అలలు ఆగవు, అన్ని దిక్కుల నుంచీ లేస్తాయి. ఆ దాటడం ఒక్కటే మూడు నిమిషాల సీను. అందుకు ఆమె ఎందుకు పూనుకుందో ప్రేక్షకుడికి ఒక్క మాట చెప్పనవసరం లేదు.

ఒక జాగ్రత్త. ఈ మార్పులతో తీస్తే, కన్ను వచ్చినప్పుడు బయటికి వెళ్లవచ్చన్న భావం జనంలోకి పోకూడదు. వాతావరణ అధికారి ఆమెను గట్టిగా వారించాలి. గాలి తిరిగిన మొదటి నిమిషంలో జెట్టీ మీద ఏమవుతుందో దాచకుండా చూపించాలి. బోటు దక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా ఓటు దక్కకూడదనే, తాళ్లు సగమే మార్చగలిగారు కాబట్టి.

చివరి సీనులో సముద్రంలోంచి వచ్చిన మనిషి గురించి ఒక్క మాట. అతనికీ, ఆరు గంటల నియమానికీ సంబంధం ఉంటే ఉంచండి, లేకపోతే తీసేయండి. ఏడో ఎపిసోడ్‌కు కొక్కెం కావాలంటే అది మీ పట్టికలోనే ఉంది. యంత్రాన్ని రోజుకు ఒక్కసారే వాడవచ్చు, ఆ రోజుకు వాడేశారు. మర్నాడు ఉదయం 7 గంటలకు మళ్లీ తొమ్మిది అక్షరాలు వస్తే, వాటిని మధ్యాహ్నం ఎవరో ఒకరు పంపి తీరాలి. ఏడో ఎపిసోడ్ సీన్ ఆర్డర్ సిద్ధమైతే షూటింగ్‌కు ముందే మాకు చూపించండి. అలలు, గాలి, రేవు, గడియారం లెక్కలు సరిచూసి ఇస్తాం. పారితోషికం అక్కరలేదు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి మీ ప్రేక్షకులు